మ్యాపులోకి ఎక్కిన దోవ

ధర్మపురి వెళ్లొచ్చానని చెబితే మా వీధిలో సగంమంది గోదావరిలో మునిగావా అని అడిగారు. ఆ ధర్మపురి కాదు, తమిళనాడులోది అంటే మిగతా సగంమంది హొగెనకల్ జలపాతం చూశావా అన్నారు. రెండూ చూడలేదు. నేను చూసి వచ్చింది ఒక కాలిబాట. ఇద్దరు పక్కపక్కన నడవలేనంత సన్నటి బాట. ముందు ముందు మీలో ఎవరైనా అక్కడికి వెళితే టిక్కెట్టు కొని దాని మీద నడవవచ్చు. గాలి బాగుంటుంది, ఫోటోలు బాగా వస్తాయి. ఆ దోవ ఎవరిదో మాత్రం అక్కడ మీకెవరూ చెప్పరు. అందుకే ఇది రాస్తున్నాను.

అడవుల్లో, కొండల్లో నడక బాటలు ఎక్కడ వేయాలో, ఎక్కడ వేయకూడదో చూసి చెప్పడం నా పని. ఎక్కడ మెట్లు కట్టాలి, వాననీళ్లను ఎటు మళ్లించాలి, ఏ బండను కదల్చకుండా వదిలేస్తే అలసిన మనిషి దానిమీద కూర్చుంటాడు, ఇలాంటివి. కడప చుట్టుపక్కల కొండల్లో తిరుగుతూ నేర్చుకున్న పని ఇది. ఒకరోజు బెంగళూరు నుంచి ప్రకాశ్ ఫోన్ చేశాడు. ఇదే పని చేసే చిన్న సంస్థ అతనిది. ధర్మపురి జిల్లాలో ఒక రక్షిత అడవి ఉంది, సందర్శకుల కోసం అందులో నడక బాటలన్నీ కలిపి ఒక ప్రణాళిక వేయాలి అన్నాడు. "ఆ అడవి అంచు పల్లెల్లో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు సులోచనగారూ. మా టీములో అందరూ కన్నడం, ఇంగ్లీషు. మీరొస్తే వాళ్లు నోరు విప్పుతారు."

నోరు విప్పించడానికే నన్ను పిలిచారు. ఆ పని నేను చాలా బాగా చేశాను.

ధర్మపురి బస్టాండు

బస్సు దిగి టీ కొట్టు దగ్గర నిలబడ్డాను. కొట్టాయన పాలు ఎత్తి పోస్తూ, చెవికీ భుజానికీ మధ్య ఫోను ఇరికించుకుని మాట్లాడుతున్నాడు. "అన్నం తినినావా పాపా? అమ్మ యాడికి పోయింది?" అని అచ్చం మా కడప మాట. ఫోను పెట్టేసి నావైపు తిరిగి తమిళంలో ఏం కావాలని అడిగాడు. నేను తెలుగులో టీ అడిగాను. ఇంట్లో బనియను మీద ఉండగా ఎవరో తలుపు తీసినట్టు ఆయన ముఖం ఒక్క క్షణం తడబడింది.

"మీరు తెలుగా? మాదీ అదేమ్మా. కానీ అది ఇంట్లో మాట్లాడుకునేది" అన్నాడు.

"ఇక్కడ మాట్లాడకూడదా?"

"మాట్లాడొచ్చు. ఎవరితో మాట్లాడేది?"

పదిహేను రూపాయలకు టీ, దాంతోపాటు వేడి మసాలా వడ. మా ఊళ్లో వడ అంటే పక్కన చట్నీ ఉండాల్సిందే. ఇక్కడ దాన్ని పాత పేపర్లో నొక్కి నూనె పిండి ఒట్టిగానే తింటారు. నాకు అలాగే నచ్చింది. బోర్డులన్నీ తమిళం. ఆయనకు తెలుగు అక్షరం ఒక్కటీ రాదట. వాళ్ల నాన్నకూ రాదట.

సోగత్తూరు

నాకు గది సోగత్తూరులో దొరికింది. ఊరు పట్నానికి అంటుకుని ఉంది, సగం పొలాలు, సగం కొత్త ఇళ్లు. నా గది పక్కనే ఒక మేడ కడుతున్నారు. పొద్దున్నే ఇసుక జల్లెడ పడుతున్న ఒక అమ్మాయి మేస్త్రీతో తమిళంలో, పక్కనున్న ఆమెతో తెలుగులో మాట్లాడటం వినిపించి కిందికి దిగాను. ఆమె పేరు సెల్వి. ఊరు మహేంద్రమంగళం అవతల, అడవి అంచున ఒక చిన్న పల్లె. వారమంతా ఇక్కడ పని, శనివారం ఇంటికి.

"అడవిలో దోవలు చూడాలంటే మా మామను అడుగు అక్కా. ఆయన ఆవులు మేపేది అక్కడే. సైట్‌లో మాకు లీవు దొరికితే నేనే తీసుకపోతాను" అంది.

మధ్యాహ్నం అన్నాల వేళ తన పేరు తెలుగులో ఎట్లుంటుందో రాసి చూపించమంది. అప్పుడే పూసిన గోడ తడిగా ఉంది. మేకుతో "సెల్వి" అని రాశాను. తల పక్కకు వాల్చి చాలాసేపు చూసింది. "గుండ్రంగా ఉండాది. జిలేబి మాదిరి" అని నవ్వింది. తర్వాత మేస్త్రీ వస్తాడని తాపీతో తనే ఒక్కసారి రుద్ది చెరిపేసింది. గోడ మళ్లీ నున్నగా అయిపోయింది.

మహేంద్రమంగళం దాటాక

శనివారం సెల్వితో కలిసి బస్సులో వెళ్లాను. పాలక్కోడు దాటాక దారి పొడవునా టమాటా తోటలు. ఒకచోట రోడ్డు పక్కన ఎర్రటి టమాటాలు గుట్టగా పారబోసి ఉన్నాయి, ఆవులు తింటున్నాయి. ధర పడిపోతే కోత కూలీ కూడా రాదని, అందుకే ఇలా వదిలేస్తారని సెల్వి మామూలుగా చెప్పింది. మా వైపు ఉల్లిపాయలకు ఇదే గతి. దీని కోసం నాలుగొందల కిలోమీటర్లు రానక్కరలేదు అనుకున్నాను.

సెల్వి మామ పేరు తిమ్మరాయప్ప. సన్నటి మనిషి, తలకు తువ్వాలు, మాట నెమ్మది. మంచం మీద కూర్చోబెట్టి ముందు తిండి పెట్టించాడు, తర్వాతే మాట. రాగి ముద్ద. మేం సంగటి అంటాం, అందులో బియ్యం నూక వేస్తాం. వీళ్లు కళి అంటారు, ఒట్టి రాగిపిండే. దాంతో ఉలవల చారు. మేం పక్కన చెనక్కాయల చట్నీ ఉంటే తప్ప ముద్ద తాకం. ఇక్కడ పచ్చి ఉల్లిపాయ ఒకటి గుద్ది పెట్టారు. నేను నమలకుండా మింగడం చూసి ఆయనకు నామీద కొంచెం నమ్మకం కుదిరింది.

"ఈమె మనోళ్ల మాదిరే తింటాది" అన్నాడు సెల్వితో.

అప్పుడు నేను వచ్చిన పని చెప్పాను. ఊరివాళ్లు నడిచే దోవలేవో చూపించమన్నాను. ఆయన చుట్ట ఆర్పి చెవి వెనక పెట్టుకున్నాడు.

"చూపిస్తే ఏం చేస్తారు?"

"మ్యాపులో రాస్తాం. ఇది ఈ ఊరివాళ్లు నడిచే దోవ అని రాసి పెడితే, రేపు ఎవరూ మూయలేరు."

"రాయకపోతే ఎవరు మూస్తారు? ఉండాదనే తెలీదే."

ఆ మాటకు నేను పెద్ద ఉపన్యాసం ఇచ్చాను. కాలం మారుతోంది, ఆకాశం నుంచి ఫోటోలు తీస్తున్నారు, కనపడని దోవనే ముందు తుడిచేస్తారు, కాగితం మీద హక్కు ఉండాలి. నేను చెప్పిందంతా నిజమని నమ్మే చెప్పాను. ఇంతకు ముందు రెండు చోట్ల అలా రాసినందువల్లే దోవలు నిలబడటం కళ్లారా చూశాను. ఆయన అంతా విని, "సరే, చదువుకున్నావు. నీకు తెలుసు" అని లేచాడు.

గట్టు మీద

ఆయన చూపించిన దోవ పల్లె వెనక రెండు గుండ్ల మధ్యలో మొదలై కొండ గట్టు మీదికి ఎక్కి అవతలి వైపు దిగుతుంది. ఇవతల వీళ్ల పల్లె. అవతల డెంకణికోట వైపు ఇంకో పల్లె, అక్కడ తెలుగూ కన్నడమూ కలిసిన మాట. రెండు పల్లెల మధ్య పిల్లనివ్వడం, తెచ్చుకోవడం ఎన్ని తరాలుగానో ఉంది. నడిస్తే పొద్దున బయలుదేరి ఎండ ముదరకముందే చేరతారు. బస్సులో అయితే పాలక్కోడు పోయి, అక్కడి నుంచి రాయకోట, అక్కడి నుంచి డెంకణికోట, ఆపైన దొరికితే ఆటో. కొండ చుట్టూ తిరిగేసరికి రోజు అయిపోతుంది.

బాట అంత చక్కగా ఉంటుందని నేను అనుకోలేదు. నిటారుగా ఎక్కకుండా కొండ నడుము చుట్టూ మెల్లగా తిరుగుతుంది. గొడ్లు తొక్కి తొక్కి రాళ్లు నునుపెక్కాయి. తిమ్మరాయప్ప ముందు నడుస్తూ అడ్డంగా పడిన ముళ్లకొమ్మలను కర్రతో పక్కకు తోస్తున్నాడు. ఆయన అది గమనించి చేస్తున్నట్టు లేదు. మనం మాట్లాడుతూ గుమ్మంలో చెప్పులు సర్దినట్టు చేస్తున్నాడు. నా చేతిలోని జీపీఎస్ పరికరం మేం నడిచిన ప్రతి మలుపునూ గీసుకుంటోంది.

సగం దారిలో అటవీ శాఖ కాపలా మనిషి ఎదురయ్యాడు. పేరు మురుగేశన్, ఖాకీ చొక్కా, కాళ్లకు రబ్బరు చెప్పులు. ఏనుగుల జాడ చూడటం, మంటలు రాకుండా చూడటం అతని పని. తాత్కాలిక ఉద్యోగం. తిమ్మరాయప్పను చూసి కళ్ల మీద చెయ్యి అడ్డం పెట్టుకుని, "నాన్ పాక్కలే" అన్నాడు. నేను చూడలేదు అని. ఇద్దరూ నవ్వుకున్నారు. పై అధికారులకు ఈ దోవ సంగతే తెలియదని, ఊరివాళ్లు పోతుంటే తను ఇలా కళ్లు మూసుకుంటాడని తమిళంలో నాకు చెప్పాడు. తమిళం వింటే నాకు చాలావరకు అర్థమవుతుంది. మొన్న ఏనుగులు ఎటు పోయాయో చెప్పి, జాగ్రత్తగా పొమ్మన్నాడు.

గట్టు పైన గాలి చెవుల్లో హోరుమంది. అక్కడి నుంచి రెండు పల్లెలూ కనిపిస్తాయి. నేను అక్కడ నిలబడి, ఈ ప్రణాళిక మొత్తంలో ఇంతకంటే మంచి బాట ఉండదని పరికరంలో గుర్తు పెట్టుకున్నాను.

మాదమ్మ ఇల్లు

అవతలి పల్లెలో తిమ్మరాయప్ప అక్క మాదమ్మ ఉంది. భర్త పోయాడు, కొడుకులు పక్క ఇళ్లలో ఉన్నారు. ఆయాసంతో మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుంది. తమ్ముడు గడపలోకి రాగానే తిట్టడం మొదలుపెట్టింది.

"ఈ ఊర్లో నాకెవరుండారని పది దినాలుగా రాలేదు? ఆవులే నీకు అక్కచెల్లెండ్లా?"

"వచ్చినాను కదా. అరిస్తే ఆయాసం వస్తాది, ఊరుకో" అన్నాడు ఆయన, తువ్వాలులో కట్టుకొచ్చిన సీతాఫలాలు మంచం మీద పోస్తూ.

ఆమెకు అప్పుడు నేను కనిపించాను. కడప అని చెబితే అది ఎక్కడుందో తెలియలేదు. తిరుపతి పక్కన అన్నాక అర్థమైంది. నా తెలుగు విని, "నీ మాట పొడుగ్గా ఉండాది, కానీ తెలుస్తాది" అంది. తన పెళ్లి సంగతి చెప్పింది. పెళ్లికూతురుగా ఆ గట్టు మీదుగానే నడిచి వచ్చిందట. దోవలో వాన పట్టుకుంటే అందరూ బండ కింద దూరారట. పెళ్లికొడుకువాళ్లు ఇవతల వైపు తప్పెట కొడుతూ నిలబడితే, వాళ్లు పిలుస్తున్నారా, లేక ఏనుగును తరుముతున్నారా అని తన నాయన భయపడ్డాడట. చెప్పి చెప్పి నవ్వి, దగ్గు వచ్చి ఆగింది.

సామ బియ్యం అన్నం, చింతాకు పప్పు పెట్టారు. బయలుదేరేటప్పుడు మాదమ్మ నా చెయ్యి పట్టుకుని, "ఆ దోవ ఉండబట్టే నాకు పుట్టినిల్లు ఉండాది బిడ్డా. లేకుంటే ఈ కొండ ఇవతల నేను అనాథనే" అంది. ఆ మాటను నేను ఆ రాత్రి నివేదికలో ఉన్నదున్నట్టు రాశాను.

పాలక్కోడు

తర్వాతి రోజులు పాలక్కోడులో ఒక లాడ్జి గదిలో ప్రకాశ్ బృందంతో గడిచాయి. సందర్శకులకు ఐదారు చిన్న బాటలు, పక్షులు చూసేవాళ్లకు ఒకటి, పిల్లలకు ఒకటి. గట్టు దోవ మాత్రం పల్లెవాళ్ల రాకపోకలకని, దానికి గేటు గానీ టిక్కెట్టు గానీ ఉండకూడదని స్పష్టంగా రాశాను. ప్రకాశ్ చదివి చప్పట్లు కొట్టినంత పని చేశాడు.

"మాదమ్మగారి మాట అద్భుతం అండీ. ప్రెజెంటేషన్ దాంతోనే మొదలుపెడదాం."

ఆ సాయంత్రం సంతోషంగా బజారుకు వెళ్లి పరోటా తిన్నాను. మేం ఇంట్లో పరోటా అని చేసుకునేది చపాతీకి అన్న. ఇక్కడ దాన్ని ముక్కలుగా చింపి, మీద సాల్నా అనే పల్చటి మసాలా పులుసు పోసి, ముద్దలా కలిపి తినాలి. నేను చింపకుండా తింటుంటే పక్క బల్ల మీది పెద్దాయన ఉండబట్టలేక లేచి వచ్చి నా పరోటా తనే చింపి పెట్టి వెళ్లాడు. నా ప్రయాణంలో సంతోషంగా చెప్పుకోగలిగిన చివరి సంగతి అదే.

మళ్లీ ధర్మపురి

ప్రణాళిక చూపించే మీటింగు అటవీ శాఖవాళ్లు ఒక కల్యాణ మండపంలో పెట్టారు. పల్లెల నుంచి కొందరిని వ్యానుల్లో తెచ్చి రెండో వరసలో కూర్చోబెట్టారు. వాళ్లలో తిమ్మరాయప్ప ఉన్నాడు, ఉతికిన తెల్ల చొక్కా. మాటలు సగం ఇంగ్లీషు, సగం పుస్తకాల తమిళం.

తెర మీద మ్యాపు పడింది. నిజంగానే మాదమ్మ మాటతోనే మొదలైంది, ఇంగ్లీషులో, వెనక సూర్యోదయం బొమ్మతో. ఆ తర్వాత బాటలు ఒక్కొక్కటే వెలిగాయి. చివర గట్టు మీద ఎర్రటి గీత. ప్రతి మలుపూ నాకు తెలుసు. దానికి "రిడ్జ్ వాక్" అని పేరు పెట్టారు. మొత్తం ప్రణాళికకు అదే కిరీటమట. గైడుతోనే వెళ్లాలి, పొద్దుటి పూట మాత్రమే, టిక్కెట్టు మీద, రోజుకు కొద్దిమందే. పశువులకు ప్రవేశం లేదు.

తిమ్మరాయప్పను వేదిక మీదికి పిలిచారు. దోవ చూపించినందుకు పొన్నాడై కప్పారు. సన్మానానికి కప్పే జరీ శాలువా అది, ఇక్కడ ప్రతి సభలోనూ ఉంటుంది. ఫోటోలు తీశారు. ఆయన మైకు పట్టుకోవడం తెలియక దాన్ని గడ్డానికి ఆనించి తమిళంలో ఒకటే అడిగాడు. మా ఊరివాళ్లు పోవచ్చు కదా అని.

పై ఆఫీసు నుంచి వచ్చిన అధికారి మర్యాదగానే జవాబిచ్చాడు. ఊరివాళ్లకు వేరే అనుమతి గురించి పైకి రాస్తాం, అది వచ్చేదాకా ఎవరూ పోకూడదు, ఏనుగులున్న చోటు, ఇంతకాలం ఈ దోవ ఉందని మాకు తెలియదు, ఇప్పుడు తెలిసింది కాబట్టి ఏదైనా జరిగితే మా బాధ్యత అవుతుంది అన్నాడు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. తెలిసేలా చేసింది నేను.

నేను లేచి నిలబడి, నివేదికలో ఉన్నది ఇది కాదని చెప్పాను. "మంచి సూచన మేడం" అన్నాడు అధికారి. తర్వాతి స్లైడు పడింది.

బయట ప్రకాశ్‌ను నిలదీశాను. అతను తల దించుకోలేదు.

"సులోచనగారూ, మన పని సూచించడం వరకే. నిర్ణయం వాళ్లది. కానీ ఒకటి చూడండి, మీరు గీయకపోతే ఇంత మంచి బాట ఉందని ఎవరికీ తెలిసేదే కాదు. క్రెడిట్ అంతా మీదే."

మెప్పుగానే అన్నాడు.

తిమ్మరాయప్ప శాలువా మడిచి చంకలో పెట్టుకుని వ్యాను దగ్గర నిలబడి ఉన్నాడు. "రాస్తే ఎవరూ మూయలేరు అంటివే అమ్మా" అన్నాడు. ఆ గొంతులో కోపం లేదు. తనకు ఏదో మాట సరిగ్గా వినపడలేదేమో, మళ్లీ అడిగి తెలుసుకుందాం అన్నట్టు ఉంది. పైవాళ్లకు అర్జీ పెట్టిద్దామన్నాను. ప్రకాశ్ వాళ్లు ఆ సాయంత్రమే బెంగళూరు వెళ్లిపోయారు. నేను వాళ్ల బండి ఎక్కలేదు. పల్లెకు వెళ్లి అర్జీ రాయించాను, అందరూ వేలిముద్రలు వేశారు. ఇది రాసేనాటికి దానికి జవాబు రాలేదు.

రెండు గుండ్ల మధ్య

ఆ తర్వాత రెండు రోజులకే, నేను ఇంకా పల్లెలో ఉండగానే, పొద్దున్నే ఫోను వచ్చింది. మాదమ్మ తెల్లవారుజామున పోయింది. యమగండం మొదలవకముందే ఎత్తాలని అక్కడి పెద్దలు నిర్ణయించారు.

నేను ధర్మపురికి ఫోన్ చేసి కారు అడిగాను. ముహూర్తాల రోజు, బండ్లన్నీ పెళ్లిళ్లకు పోయాయన్నారు. పాలక్కోడులోనూ అదే మాట. తిమ్మరాయప్ప కొడుకు హోసూరులో పనికి పోతూ బండి తీసుకుపోయాడు. పల్లెలో ఉన్న ఒక్క మోటారు సైకిలూ టైరు లేకుండా గోడకు ఆనించి ఉంది. మేం ముగ్గురం, ఆయనా, శనివారమని ఇంటికి వచ్చి ఉన్న సెల్వీ, నేనూ, రెండు గుండ్ల దగ్గరికి నడిచాం. అక్కడ అప్పటికే గుండుకీ గుండుకీ మధ్య గొలుసు కట్టారు. పక్క చెట్టుకు కెమెరా బిగించారు. మురుగేశన్ కొత్త టోపీ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. మమ్మల్ని చూసి లేచాడు. విషయం విని చేతులు రెండూ తల మీద పెట్టుకున్నాడు.

"అన్నా, కెమెరాలో పడితే నా ఉద్యోగం పోతుంది. అడవిలో నీ ఆవులు మేపుకునే అనుమతి కూడా రద్దు చేస్తారు. నిన్ననే గట్టిగా చెప్పి పోయారు" అన్నాడు తమిళంలో. కొంచెం ఆగి, నా మెడలోని కార్డు చూసి, "మేడం పోలాం" అన్నాడు. మేడం పోవచ్చు. "సర్వే వాళ్లకు ఈ నెలాఖరు దాకా అనుమతి ఉంది. నేను తోడు రావాలి, అంతే."

నాకు ఒళ్లు మండిపోయింది. ఆయన పోలేని దోవలో నేనూ పోను అన్నాను. కార్డు తీసి విసిరేయబోయాను. తిమ్మరాయప్ప నా మణికట్టు పట్టుకుని ఆపాడు.

"నీ రోషం నాకెందుకమ్మా? నువ్వు పో. కోడి తీసుకపో."

ఇలాంటప్పుడు కోడి ఏమిటో నాకు అర్థం కాలేదు. పల్లె వైపు చూశాను. సెల్వి కళ్లు తుడుచుకుంటూ, "ఆ కోడి కాదక్కా. పుట్టినింటి కోడి. కొత్త చీర" అంది. తమిళంలో కొత్త బట్టను కోడి అంటారు. ఆడమనిషి పోతే పుట్టింటి నుంచి తమ్ముడో అన్నో ఆ చీర తెచ్చి కప్పాలి. అది పడకుండా ఎత్తరు, ఎత్తితే పుట్టింటివాళ్లు ఆమెను వదిలేసినట్టు. మా వైపూ ఈ పద్ధతి ఉంది. కానీ ఎవరూ రాకపోతే అత్తింటివాళ్లదే ఒకటి కప్పి పని కానిచ్చేస్తారు. ఇక్కడ అలా చేస్తే ఏళ్ల తరబడి దెప్పుతారట.

సెల్వి పరుగెత్తి వెళ్లి ఒక సంచి తెచ్చింది. అందులో మడత విప్పని ముదురు ఎరుపు చీర. దీపావళికి తన కోసం కొనుక్కుని దాచుకున్నది. తిమ్మరాయప్ప దాన్ని రెండు చేతులా పట్టుకుని, గొలుసు మీదుగా వంగి, నాకు ఇచ్చాడు. నేను అప్పటికే గొలుసు దాటి అవతల నిలబడి ఉన్నానని అప్పుడు గమనించాను.

"మేము పేరుందులో వస్తాము. ఆమె ఒంటి మీద మా ఇంటి గుడ్డ పడాల. సీక్కిరం పో" అన్నాడు. పేరుందు అంటే బస్సు, సీక్కిరం అంటే తొందరగా. ఆయనా సెల్వీ వెనక్కి తిరిగి చూడకుండా రోడ్డు వైపు వెళ్లిపోయారు.

మురుగేశన్ నా ముందు నడిచాడు. గట్టు మీద ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు, నా వైపు చూడకుండా, "ఇన్నాళ్లూ నేను కళ్లు మూసుకుంటే సరిపోయేది. ఇప్పుడు చెట్టుకు కళ్లు పెట్టారు" అన్నాడు. బాట మీద ముళ్లకొమ్మలు అడ్డంగా పడి ఉన్నాయి. ఎవరమూ తీయలేదు. దాటుకుంటూ పోయాం.

అవతలి పల్లె

తప్పెట్ల మోత దూరం నుంచే వినిపించింది. నేను సంచితో వాకిట్లోకి రాగానే ఏడుపు పెరిగింది. ఆడవాళ్లందరూ లేచి, నన్ను దాటి నా వెనక్కి చూశారు. నా వెనక ఖాకీ చొక్కా మనిషి తప్ప ఎవరూ లేరు.

"తమ్ముడు యాడ?" అని అడిగింది మాదమ్మ ఆడబిడ్డ, పండు ముసలామె.

చెప్పాను. గొలుసు సంగతి, కెమెరా సంగతి, బస్సు సంగతి. వాకిట్లో మగవాళ్లు గుసగుసలాడుకున్నారు. ఒకరు ఆగుదామన్నారు. ఇంకొకరు గడియారం చూపించి, ఇంక ఆగితే లేదన్నారు. ఎవరో ఆ ఆడమనిషి చేత్తో కోడి ఎట్ల కప్పిస్తారు, కులమేమో గోత్రమేమో అన్నారు. మాదమ్మ పెద్ద కొడుకు తల్లి కాళ్ల దగ్గర కూర్చుండిపోయాడు.

ముసలామె నా దగ్గరికి వచ్చి నా కాళ్ల మీది దుమ్ము చూసింది. "పుట్టినింటి దోవలో నడిచి వచ్చింది. అది చాలు. కప్పమ్మా" అంది.

చీర విప్పాను. అంగడి చీటీ ఇంకా దారంతో వేలాడుతోంది. ముసలామె వంగి దారం పంటితో కొరికి తీసేసింది. నేను పాదాల నుంచి మెడ దాకా కప్పాను. ఒక పక్క ఎక్కువ, ఒక పక్క తక్కువ పడింది. ఎవరో సర్దారు. తప్పెట్లు మళ్లీ మొదలయ్యాయి. ఎత్తారు.

తిమ్మరాయప్ప, సెల్వి వచ్చేసరికి ఎండ పడమటికి వాలింది. రాయకోటలో బస్సు తప్పిపోయిందట. ఆయన నేరుగా మట్టి దగ్గరికి వెళ్లి, తడి ఆరని కుప్ప మీద చెయ్యి పెట్టి కాసేపు కూర్చుని వచ్చాడు. బావి దగ్గర కాళ్లు కడుక్కుని, అరుగు మీద నా పక్కన కూర్చున్నాడు.

"ముఖం చూసినావా?"

"చూశాను."

"ఎట్లుండె?"

ప్రశాంతంగా ఉంది అని చెప్పబోయాను. ఎవరైనా అదే చెబుతారు. ఆయన నా ముఖంలోకి చూస్తున్న తీరుకు ఆ మాట రాలేదు. చూసింది చూసినట్టు చెప్పాను. నుదుటి మీద విభూతి పెద్దగా పెట్టారు. నోరు కొంచెం తెరుచుకుని ఉంది. ఎడమ కన్ను పూర్తిగా మూసుకోలేదు, ఎవరో రెండుసార్లు మూసినా మళ్లీ కొంచెం తెరుచుకుంది.

"ఎడమ కన్నేనా?" అన్నాడు. "అది చిన్నప్పటి నుంచీ అంతే. నిద్దట్లో కూడా సగం తెరిచే ఉంటాది. నేను పక్కన పండుకుని, ఈమె మేలుకోనుండాదా, నిద్రపోయిందా అని భయపడతా ఉంటి."

తువ్వాలుతో ముఖం కప్పుకున్నాడు. మళ్లీ తువ్వాలు తీసి, "ఇంకా ఏం చూసినావు? చెప్పు" అన్నాడు.

జుట్టు ఎలా దువ్వారో చెప్పాను. చేతులు ఎక్కడ పెట్టారో, చీర ఆమెకు ఎలా ఉందో, ఎవరు ఏ పక్క పట్టుకున్నారో చెప్పాను. గోళ్ల సందుల్లో పసుపు ఉందని చెప్పాను. ఆ తర్వాత చెప్పడానికి నా దగ్గర ఏమీ మిగల్లేదు. ఆయన ఇంకా నావైపే చూస్తున్నాడు.